ఇల్లు కొనేముందు ఒకసారి భద్రాచలం బస్సెక్కండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కొని చూడు అనలేదు. ఈ రోజుల్లో వాళ్ళుంటే తప్పకుండా ఆ ముక్క కూడా చేర్చేవారు. కట్టడానికి మేస్త్రి వున్నాడు, కట్టిన ఇల్లు అమ్మడానికి బిల్డరు వున్నాడు. ఎక్కడ కొనాలో తేల్చుకోవడం మాత్రం మన నెత్తినే పడింది.

ఖమ్మం వైపు వాళ్ళకి ఈ తలనొప్పి ఇంకాస్త ఎక్కువ. ఆయన సింగరేణిలోనో, పాల్వంచ థర్మల్లోనో, సారపాక పేపరు మిల్లులోనో చేస్తుంటారు. లేదా ఇద్దరూ ఏజెన్సీ బడుల్లో టీచర్లు. ఇరవై, ముప్ఫై ఏళ్ళు క్వార్టర్లలోనో అద్దె కొంపల్లోనో గడిచిపోతాయి. పిల్లలు పెద్దవాళ్ళవుతారు. రిటైర్మెంటు నాలుగేళ్ళుందనగా ఇంట్లో మొదలవుతుంది చర్చ. ఖమ్మంలో కొందామా, కొత్తగూడెంలోనే వుండిపోదామా, అత్తగారి కోరిక ప్రకారం భద్రాచలంలో రామయ్య నీడన చేరదామా అని. ఓ సాయంత్రం మీవారు రంగుల కరపత్రం పట్టుకొస్తారు. దాన్నిండా పచ్చటి చెట్లు, నలభై అడుగుల రోడ్లు, ఈశాన్యం బిట్లు. "ఇవాళ అడ్వాన్సు ఇవ్వకపోతే రేపటికి వుండదట" అంటారు.

కాస్త ఆగండి. ఆ కరపత్రం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టండి. ఒక ఆదివారం పొద్దున్నే ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కండి. నూట ఇరవై కిలోమీటర్ల దారి. కిటికీ పక్క సీటు దొరికితే మంచిది. ఈ దారి పొడవునా మట్టి రంగు మారుతుంది, నీళ్ళ రుచి మారుతుంది, చివరికి ఇల్లు కొనే చట్టం కూడా మారుతుంది. మూడోది కరపత్రంలో ఎవరూ వెయ్యరు.

ముందు ఖమ్మం సంగతే చూద్దాం, బస్సు కదిలేలోపు.

ఖమ్మం పెరిగిన తీరు మీకు తెలిసిందే. ఒకప్పుడు ఖిల్లా చుట్టూ, స్తంభాద్రి గుట్ట చుట్టూ వున్న వూరు 1953లో జిల్లా కేంద్రం అయింది. 2012లో కార్పొరేషన్ అయింది. ఇప్పుడు వైరా రోడ్డు, బైపాస్ రోడ్డు దాటి, రఘునాథపాలెం మండలంలోకి, ఖమ్మం రూరల్ మండలంలోకి కాలనీలు పాకిపోయాయి. 2023 జనవరిలో కలెక్టరేటు వి.వెంకటాయపాలెం దగ్గరకి మారాక అటువైపు పత్తి చేలల్లో రాళ్ళు పాతడం ఎక్కువైంది. ఖాళీ స్థలం కొనుక్కుని పదేళ్ళు ఎదురుచూసే ఓపిక వుంటే సరే. ఈ ఏడే గృహప్రవేశం చేసి, పొయ్యి మీద పాలు పొంగించాలనుకునేవాళ్ళకి మాత్రం ఆ చేలల్లో కష్టం. పాలపాకెట్టుకి కూడా స్కూటరు తియ్యాలి.

ఖమ్మంలో అన్నిటికన్నా ముందు అడగాల్సింది మున్నేరు గురించి. 2024 సెప్టెంబరు 1వ తేదీ చాలామందికి గుర్తుండే వుంటుంది. ఆ రోజు మున్నేరు ముప్ఫై ఆరడుగులకి వచ్చింది. మొదటి ప్రమాద హెచ్చరిక పదహారడుగులకే ఇస్తారు, రెండోది ఇరవై నాలుగుకి. ఈ లెక్క చూస్తే ఆ నీళ్ళెంతో మీకే అర్థమవుతుంది. బొక్కలగడ్డ, మోతీనగర్, వెంకటేశ్వరనగర్, ప్రకాశ్‌నగర్, కాల్వొడ్డు దగ్గరి ఇళ్ళు మునిగాయి. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకుపోతే, ఒక జేసీబీ డ్రైవరు ప్రాణానికి తెగించి వెళ్ళి తీసుకొచ్చాడు. అంతకుముందు ఏడాది, 2023 జూలైలో కూడా నీళ్ళొచ్చాయి.

వరద పోయాక అక్కడి వీధులు చూసినవాళ్ళకి ఏం గుర్తుందో చెప్పనా? గోడల మీద బురద గీత. దాని కింద బియ్యం బస్తాలు మొలకెత్తి, ఫ్రిజ్జులు వెల్లకిలా పడి, బీరువాల్లో పట్టుచీరలు బురదముద్దలై వున్నాయి. ఆడవాళ్ళు వాకిట్లో కూచుని సర్టిఫికెట్లు, పెళ్ళి ఫోటోలు ఒక్కొక్కటీ ఎండబెట్టుకున్నారు.

"మా వీధిలో వాన పడలేదు కదా, నీళ్ళెలా వస్తాయి?" అనేవాళ్ళుంటారు. మున్నేరు పైన వరంగల్ వైపు నుంచి వస్తుంది. ఆకేరు వచ్చి తీర్థాల దగ్గర దాంట్లో కలుస్తుంది. పైన మహబూబాబాద్ వైపు రాత్రంతా కుంభవృష్టి కురిస్తే, ఇక్కడ మీరు ఆకాశం చూసి బట్టలారేసుకున్నా ఏటికి నీళ్ళొస్తాయి. అందుకని వానని చూసి కాదు, ఏటిని చూసి ఇల్లు ఎంచుకోవాలి. ఏటి ఒడ్డున రక్షణ గోడల పని పెట్టుకున్నారు, మంచిదే. అయినా గోడని నమ్ముకుని కిందింటి వాటా కొనకండి. మేడ మీద వాటా అయితే వేరే మాట.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు అమ్మేవాళ్ళని అడగొద్దు. ఎదురింటి అరుగు మీద చిక్కుళ్ళు వలుస్తున్న పెద్దావిడని అడగండి. "అమ్మా, మొన్నటి వరదకి నీళ్ళు ఎందాకా వచ్చాయి?" అంటే ఆవిడ మోకాలో, నడుమో, కిటికీ రెక్కో చూపిస్తుంది. "మాకు గడప దాకే వచ్చినయి తల్లీ, ఆ మూలింటోళ్ళకైతే పొయ్యిగట్టు మునిగింది" అని లెక్క చెప్తుంది. ఆవిడకి ఎవరినీ బుట్టలో వేసుకోవాల్సిన అవసరం లేదు. రియల్ ఎస్టేటు ఆఫీసులో కూల్‌డ్రింకు ఇచ్చి చెప్పే మాటలకన్నా ఆ చేతి కొలతే నమ్మకం.

పనిలో పనిగా మరి రెండు సంగతులు. జనవరి నుంచి ఎండాకాలం దాకా ఖమ్మం మార్కెట్ యార్డుకి తేజ రకం మిర్చి బస్తాలు బారులు తీరతాయి. ఆ చుట్టుపక్కల ఇల్లయితే బేరం తక్కువకే వచ్చినా, పిల్లలకి దగ్గూ తుమ్మూ వున్నవాళ్ళు ఆలోచించుకోవాలి. ఇంకొకటి కోతులు. నవ్వకండి. మేడ మీద వడియాలు పెట్టుకునే అదృష్టం కొన్ని కాలనీల్లో పూర్తిగా పోయింది. జాలీ కట్టించుకునే ఖర్చు కూడా ఇంటి ధరలో కలుపుకోండి. వంటగట్టుకి రాయి మాత్రం ఖమ్మంలో వెతుక్కోనక్కర్లేదు. గ్రానైటు ఫ్యాక్టరీల వూరు గదా, ముక్కలు కూడా గట్టుకి సరిపోతాయి. ఫ్యాక్టరీ పక్కన ఇల్లు కొంటే ఆ రాతి పొడి కూడా ఉచితమే!

సరే, బస్సు కదిలింది.

వైరా దగ్గర రిజర్వాయరు మీదుగా చల్లగాలి తగులుతుంది. తల్లాడలో ఎడమకి తిరిగి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం దారి పడుతుంది. వరి మళ్ళు తగ్గి పత్తి, మిర్చి, తర్వాత జామాయిల్ తోటలు, ఆ తర్వాత టేకు చెట్లు మొదలవుతాయి. ఎక్కడో ఒకచోట మీకు తెలియకుండానే ఏజెన్సీలోకి వచ్చేస్తారు. గేటు వుండదు, బోర్డు వుండదు. పక్క పక్క వూళ్ళే, ఒకటి మైదానం, ఒకటి ఏజెన్సీ. ఇల్లు కొనేవాళ్ళు దిగి తెలుసుకోవాల్సిన చోటు ఇదే.

ఏజెన్సీ అంటే రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో గుర్తించిన ప్రాంతం. అక్కడ భూమి గిరిజనుల చేతుల్లోనుంచి జారిపోకుండా 1959లో భూ బదలాయింపు నిబంధన వచ్చింది. తెలంగాణ వైపుకి దాన్ని 1963లో వర్తింపజేశారు. 1970 ఫిబ్రవరిలో దాన్ని గట్టిగా బిగించారు. అదే మనవాళ్ళు వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచేది, కాగితాల మీద 1/70. దాని సారం ఇది. ఏజెన్సీలో స్థిరాస్తి గిరిజనులకి, లేదా గిరిజనులే సభ్యులుగా వున్న సహకార సంఘానికి తప్ప మరెవరికీ అమ్మకూడదు. గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మకూడదు సరే, గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు. అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. చెల్లదు అంటే ఏదో జరిమానా కట్టి సర్దుకునేది కాదు, అసలు జరగనట్టే లెక్క.

ఇక్కడే చాలామంది పొరపడేది. "మాకమ్మేవాళ్ళు మన కులంవాళ్ళే, గిరిజనులు కాదుగా, అడ్డేముంది?" అంటారు. అడ్డు వుంది. "అది పొలానికి కదా, కట్టిన ఇంటికి కాదుగా?" అంటారు. చట్టంలో వున్న మాట స్థిరాస్తి. దాంట్లో ఇల్లూ వస్తుంది. ఈ చట్టం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1988లో సుప్రీంకోర్టు చట్టం సరైనదే అంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో వున్న భూమి అంతకుముందు గిరిజనుడి నుంచి వచ్చిందనే మొదట భావిస్తారు. కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు ఆ గిరిజనేతరుడిదే.

మరి అక్కడ అమ్మకాలు జరగడం లేదా అంటే, జరుగుతున్నాయి. తెల్లకాగితం మీద. సాదా బైనామా అంటారు. లేకపోతే స్టాంపు కాగితం మీద రాసి నోటరీ ముద్ర వేయించి, "రిజిస్ట్రేషన్‌తో సమానం" అని చెప్తారు. ఏ రకంగానూ సమానం కాదు. రిజిస్ట్రేషన్ జరగదు, బ్యాంకు ఇంటి అప్పు ఇవ్వదు. ఇంకో పద్ధతి కూడా వుంది, చెప్పాలంటే మనసొప్పదు. ఎవరో ఒక గిరిజన స్త్రీ పేరు మీద కొని, కరెంటు బిల్లూ, కాపురమూ మనది, పేరు ఆమెది అనుకోవడం. కొన్నిచోట్ల ఆ పేరు కోసమే ఆమెని పెళ్ళి దాకా తీసుకెళ్ళి తర్వాత వదిలేసిన కథలు ఏజెన్సీలో ఎవరినడిగినా చెప్తారు. ఆమెకి ఇంట్లో హక్కూ దక్కదు, బయట గౌరవమూ దక్కదు. అలాంటి గోడల మధ్య మనం తులసికోట పెట్టుకుని దీపం వెలిగించగలమా?

నాకు తెలిసినావిడ ఒకరున్నారు. ఊరూ పేరూ ఎందుకులెండి. ఆయన గవర్నమెంటు ఉద్యోగి, ఏజెన్సీ వూళ్ళో పన్నెండేళ్ళు చేశారు. అద్దెకున్న ఇల్లే కొనుక్కున్నారు, తెల్లకాగితం మీద. ఇంటికి టైల్సు వేయించారు, మామిడి, సపోటా చెట్లు పెంచారు. ఆయన పోయాక పెద్దమ్మాయి పెళ్ళి కుదిరింది. ఇల్లు తాకట్టు పెడదామని బ్యాంకుకెళ్తే కాగితం చూసి చేతికిచ్చేశారు. అమ్మేద్దామంటే పాతిక లక్షల ఇంటికి ఆరు లక్షలు పలికింది, అదీ మళ్ళీ తెల్లకాగితం మీదే. అంతలో మొదట అమ్మినాయన కొడుకు వచ్చి, "మా నాన్న రాసిచ్చింది చెల్లదంట, ఇంకొంచెం ఇస్తే సర్దుకుందాం పిన్నీ" అన్నాడు. ఆవిడ ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? ఆ ఇంటి గుమ్మానికి ఇప్పటికీ మావిడాకులు కట్టే వుంటాయి. కానీ ఆవిడ నాతో అన్నమాట ఒకటే, "ఇది నా ఇల్లని రాత్రిళ్ళు అనిపించదు వదినా."

అయితే ఈ చట్టం మీద విసుక్కునేవాళ్ళతో నేను గొంతు కలపను. విసుక్కునేముందు భద్రాచలం వైపు సంతలో కాసేపు కూచోండి. కోయ ఆడవాళ్ళు చీపురు కట్టలు, చింతపండు, ఎండబెట్టిన ఇప్పపువ్వు తట్టల్లో పెట్టుకుని వస్తారు. చీపుళ్ళు బేరమాడుతూ ఓ ముసలామెని అడిగాను, మీకు పొలముందా అని. "మా తాతకు బాగనే వుండెనమ్మా. జొన్నల బాకీకి ఒక చెక్క, బట్టల బాకీకి ఒక చెక్క పోయింది" అంది, పోకచెక్క పోయినంత మామూలుగా. చదువురాని మనిషి వేలిముద్రకి ఎకరాలు పోయిన చోట్ల ఈ కట్టడి పెట్టారు. గోదావరికి అవతల భద్రాచలం మద్రాసు రాజ్యంలో వుండగా 1917లోనే ఇటువంటి చట్టం వచ్చిందంటే, సమస్య ఎంత పాతదో చూడండి. మన ఇల్లు మనకి ఎంత ముఖ్యమో ఆమె చేను ఆమెకి అంతే. మనకి కొనుక్కోవడానికి మైదానంలో ఇంకో చోటుంది, ఆమెకి లేదు.

పోడు భూమి సంగతి కూడా అడుగుతారు కొందరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా వారసులకి వెళ్తుందే గానీ అమ్మడానికి లేదు. ఎవరైనా "ఫామ్ హౌస్‌కి బాగుంటుంది, అడవి పక్కన" అని చూపిస్తే చల్లగా మజ్జిగ తాగి వచ్చేయండి.

బస్సు కొత్తగూడెం చేరింది. ఇక్కడ స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. ఆ పేరు చూసి గుడి పక్కనే అనుకుని దిగిన యాత్రికులు ఇప్పటికీ కనపడతారు. గుడికి ఇంకా నలభై కిలోమీటర్లుంది. భద్రాచలానికి రైలు లేదు. పెద్దవాళ్ళని హైదరాబాదు ఆస్పత్రులకి తిప్పాల్సిన ఇళ్ళకి ఈ రైలు సంగతి చిన్నది కాదు. కాజీపేట, విజయవాడ మెయిన్ లైను మీదున్న ఖమ్మానికి ఈ విషయంలో సాటి లేదు.

కొత్తగూడెం సింగరేణి వూరు. కంపెనీ ప్రధాన కార్యాలయం ఇక్కడే. క్వార్టర్ల ముందు బంతిపూలు, క్లబ్బు, కంపెనీ ఆస్పత్రి, ఒక తరం అంతా ఈ నీడలో హాయిగా బతికింది. అందుకే రిటైరయ్యాక ఈ వూరు వదలాలంటే ప్రాణం ఒప్పదు. వుండిపోవాలనుకుంటే తప్పేమీ లేదు, మంచి స్నేహాలున్న చోటు కూడా ఆస్తే. కానీ ఒక్కో సర్వే నంబరుదీ ఒక్కో కథ. కంపెనీ స్థలమా, ప్రభుత్వ స్థలమా, పట్టానా, ఏజెన్సీ గ్రామమా? ఇల్లు చూసి ముచ్చటపడేలోపు ఆ నంబరు రాసుకుని తహశీల్దారు ఆఫీసులో కనుక్కోండి. ఓపెన్‌కాస్టు గనులకి దగ్గరగా వున్న ఏ వూళ్ళోనైనా గోడ పగుళ్ళు కూడా చూడండి, పేలుళ్ళు జరిగే వేళ అక్కడే వుండి.

పాల్వంచకి వచ్చేసరికి థర్మల్ స్టేషన్. పాత ప్లాంటు ఎనిమిది కూలింగ్ టవర్లని 2024 ఆగస్టులో పడగొట్టేశారు గానీ, కొత్త యూనిట్లు నడుస్తూనే వున్నాయి. బూడిద ఎటు గాలికి ఎటు పడుతుందో అక్కడ బట్టలారేసే ఆడవాళ్ళకి తెలిసినట్టు ఇంజనీర్లకి కూడా తెలియదు. కిన్నెరసాని మాత్రం చూసి తీరాలి. డ్యాం మీద నిలబడితే ఎండాకాలం కూడా మనసు చల్లబడుతుంది. అయితే అది చూసి రావడానికి, ఇల్లు కొనడానికి కాదు. ఇక్కణ్ణించి భద్రాచలం దాకా దారి పొడవునా చాలావరకు ఏజెన్సీయే.

సారపాక దాటాక గోదావరి. పాత వంతెన 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించింది. పక్కన ఇప్పుడు రెండోది కూడా వచ్చింది. వంతెన మీదకి బస్సు రాగానే ఆడవాళ్ళందరూ కిటికీల్లోంచి చిల్లర డబ్బులు నీళ్ళలోకి విసిరి దణ్ణం పెడతారు. ఎదురుగా గుట్ట మీద గోపురం. రామదాసు చెరసాల పాలై కట్టించిన గుడి. మీ అత్తగారి కోరికలో తప్పు లేదు. ఇక్కడ గాలి పీల్చినా చాలనిపిస్తుంది.

కాని ఈ గోదారి తల్లికి కోపం వస్తే ఎలా వుంటుందో కూడా తెలుసుకోవాలి. భద్రాచలం దగ్గర నలభై మూడడుగులకి మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకి మూడోది. 1986 ఆగస్టులో డెబ్భై అయిదున్నర అడుగులు దాటింది. ఆ తర్వాత వూరి చుట్టూ కరకట్ట కట్టారు. 2022 జూలైలో మళ్ళీ డెబ్భై ఒక్క అడుగులు దాటి వచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వేలమంది పునరావాస కేంద్రాలకి చేరారు. కరకట్ట వుందిగా అంటారేమో. కట్ట బయటి నీళ్ళని ఆపుతుంది. గోదారి పెరిగినప్పుడు తూములు మూసేస్తారు, అప్పుడు వూళ్ళో కురిసిన వాన బయటికి పోయే దారి లేక గుడి చుట్టుపక్కల వీధుల్లోకే వెనక్కి తంతుంది. బయట వరద, లోపల వాన, మధ్యలో మీ వంటిల్లు.

ఇంకో విచిత్రం వినండి. భద్రాచలం డివిజన్ 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో వుండి, ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరుతో ఇక్కడి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి. భద్రాచలం వూరు తెలంగాణలో వుండిపోయింది, ఆనుకునే వున్న ఎటపాక వాళ్ళది. 2016లో ఖమ్మం జిల్లా కూడా రెండైంది, భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. సందు ఈ కొసకి ఒక రాష్ట్రం, ఆ కొసకి ఇంకో రాష్ట్రం. పిల్లల స్థానికత సర్టిఫికెట్లూ, రేషన్ కార్డూ అన్నీ ఆ గీతని బట్టే. వూరి చెత్త వెయ్యడానికి కూడా సొంత స్థలం కరువైంది, చుట్టూ వున్న నేలంతా పక్క రాష్ట్రానిది కావడంతో. రోజూ చెత్తబుట్ట బయటపెట్టే మనకే అర్థమవుతుంది ఇదెంత పెద్ద సమస్యో.

అనుమతుల సంగతి చెప్పక్కర్లేదు. 2025 మార్చిలో ఇక్కడ కడుతుండగానే ఒక బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి పనివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పాత కట్టడం మీద అంతస్తు మీద అంతస్తు లేపేశారు. కాగితం సరిగ్గా లేని చోట ఇంజనీరు కూడా సరిగ్గా వుండడు.

అందుకని అత్తగారి కోరిక ఇలా తీర్చవచ్చు. ధనుర్మాసానికో, శ్రీరామనవమికి ముందు పదిరోజులో సత్రంలో గది తీసుకుని వుంచండి. ఇక్కడ పనిచేసే ఉద్యోగులు చాలామంది నెల అద్దెకే వుంటున్నారు. పొద్దున్నే గోదారి స్నానం, మధ్యాహ్నం గుడి, సాయంత్రం పర్ణశాల నుంచి వచ్చిన యాత్రికులతో కబుర్లు. ఆవిడకి కావలసింది రామయ్య సన్నిధి గానీ, సర్వే నంబరు కాదు కదా.

తిరుగు బస్సులో ఆలోచించుకోవడానికి మూడు గంటలుంది. నన్నడిగితే ఏజెన్సీలో పనిచేసేవాళ్ళు అక్కడ అద్దెకుండి, సొంత ఇల్లు మాత్రం ఖమ్మంలో ఏటికి ఎత్తున, బస్సు దొరికే కాలనీలో కొనుక్కోవడం మేలు. కొత్త కలెక్టరేటు వైపు చౌక కదా అని పరిగెత్తకుండా, పదేళ్ళుగా జనం కాపురాలు చేస్తున్న వీధిలో పాత ఇల్లయినా సరే. పాత ఇంటికి సున్నం వేసుకోవచ్చు. పక్కింటివాళ్ళని మాత్రం డబ్బులిచ్చి తెచ్చుకోలేం.

ఎంచుకున్నాక కాగితాల పని. ఈసీ ముప్ఫై ఏళ్ళకి తీయించండి, పదమూడేళ్ళది చాలంటారు, వినకండి. లింకు డాక్యుమెంట్లన్నీ అడగండి. లేఅవుటుకి అనుమతి వుందో లేదో సుడా ఆఫీసులో, చెరువు శిఖమో సాగర్ కాలవ స్థలమో ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూమో కాదని తహశీల్దారు ఆఫీసులో తేల్చుకోండి. వెయ్యి రూపాయలో, రెండు వేలో లాయరుకిచ్చి చూపిస్తే, లక్షలు నిలబడతాయి.

ఇల్లు చూడ్డానికి మాత్రం ఒక్కసారి వెళ్ళి వూరుకోకండి. ఒకసారి ఆగస్టులో జోరువానలో వెళ్ళండి, వీధిలో నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి. ఒకసారి మే నెల మధ్యాహ్నం వెళ్ళి వంటింట్లో పావుగంట నిలబడండి. ఖమ్మం ఎండల్లో పడమటి వంటిల్లు ఎలా వుంటుందో అప్పుడు తెలుస్తుంది, ఏ వాస్తు పండితుడూ చెప్పఖ్ఖర్లేదు. బోరు నీళ్ళు చిన్న సీసాలో పట్టుకొచ్చి కందిపప్పు ఉడకబెట్టండి. గంటైనా మెత్తబడకపోతే ఉప్పునీళ్ళే. రాత్రి తొమ్మిదింటికి బస్టాండులో దిగి, ఆ కాలనీకి ఆటో అడగండి. డ్రైవరు తల అడ్డంగా వూపితే, రేపు ట్యూషన్ నుంచి వచ్చే మీ అమ్మాయికీ అదే జవాబు.

అన్నీ కుదిరి, బేరం తెగాక ఇంకొక్క మాట. ఇంటికోసం మీ గాజులు బ్యాంకులో పెట్టారు, చీటీ పాడారు. కాబట్టి డాక్యుమెంటులో ఇద్దరి పేర్లూ వుండాలని ముందే చెప్పండి. రిజిస్ట్రేషన్ రోజు "నువ్వెందుకు, ఇంట్లో పని చూసుకో" అంటే వినకుండా, ఆధార్ కార్డు, ఫోటోలు సంచీలో పెట్టుకుని, పప్పు కుక్కరు దించేసి, మీరూ వెళ్ళి వేలిముద్ర వేసి రండి.